మొహమాటంతో నీళ్లలోకి దిగొద్దు

బాలి ద్వీపం ఈశాన్య తీరంలో తులాంబెన్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఒడ్డున మన రుషికొండలో ఉన్నట్టు ఇసుక ఉండదు, నల్లటి గుండ్రాళ్లు ఉంటాయి. ఆ రాళ్ల మీద ఊరి ఆడవాళ్లు తలపై చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద గాలి సిలిండర్లు మోసుకుంటూ నడుస్తారు. ఒక్కొక్కరు ఒకేసారి రెండు మోస్తారు. పోయిన ఏడాది వాళ్లను చూస్తూ కూర్చున్నప్పుడే మా పదకొండుమందికి తలా ఒక కాగితం ఇచ్చారు. పొద్దున ఏడున్నరయింది, ఇంకా ఎవరూ టిఫిన్ చెయ్యలేదు. కాగితం నిండా ఇంగ్లిష్ ప్రశ్నలు. గుండె జబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, మూర్ఛ వచ్చిందా, చెవికి ఆపరేషన్ అయిందా, నలభై అయిదు దాటాయా, దాటితే బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ ఉన్నాయా అని అడుగుతున్నారు. మాతో వచ్చిన టూరు మేనేజరు చప్పట్లు కొట్టి, "అన్నిటికీ నో అని పెట్టేయండి, లేకపోతే దిగనివ్వరు" అన్నాడు.

నా పక్కన విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చున్నారు. యాభై నాలుగేళ్లుంటాయి. ముందురోజు హోటల్లో ఆయన బీపీ మాత్ర వేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఆయన అన్నిటికీ నో అని పెట్టారు. ఆ పెన్ను నాదే. ఆయన అడిగితే నేనే ఇచ్చాను. "అన్నయ్యగారూ, మీకు బీపీ ఉంది కదా" అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతమందిలో ఆయన్ను చిన్నబుచ్చినట్టవుతుందేమో అనిపించి మింగేశాను.

ఆయన దిగింది ఎనిమిది మీటర్లకు మించదు. తర్ఫీదు లేనివాళ్లను మొదటిసారి పన్నెండు మీటర్లు దాటి తీసుకెళ్లకూడదు. గైడు ఆ హద్దులోనే ఉన్నాడు, సముద్రం నిమ్మళంగా ఉంది, గాలి నిండుగా ఉంది. అయినా పది నిమిషాలకే ఆయనకు ఆయాసం మొదలైంది. పైకి తెచ్చేసరికి దగ్గు ఆగడం లేదు, ఉమ్ములో గులాబీ రంగు నురగ కనిపిస్తోంది. మెడదాకా నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలోని రక్తం గుండె వైపు ఎగదన్నుతుంది. బీపీ ఉన్నవాళ్లలో కొందరికి ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. సముద్రపు నీరు మింగకపోయినా మనిషి లోపలినుంచి మునిగిపోతాడు. ఒడ్డుకు తేగానే ఆక్సిజన్ పెట్టారు. తర్వాత దేన్‌పసార్ ఆస్పత్రికి రెండున్నర గంటల ప్రయాణం. రెండు రోజుల్లో ఆయన కోలుకున్నారు. ఆ రెండున్నర గంటలూ కారు వెనక సీట్లో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను.

నేను విశాఖలో హైస్కూలు పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. నలభై ఆరో ఏట, మా అబ్బాయి పట్టుబడితే, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ నేర్చుకున్నాను. సముద్రం అడుగున గడిపిన ప్రతి నిమిషానికీ నేను రుణపడి ఉన్నాను. అందుకే ఈ వ్యాసం ఎవరినీ భయపెట్టడానికి కాదు. తెలుగువాళ్లు ఇప్పుడు మాల్దీవులకూ బాలికీ థాయ్‌లాండ్‌కూ కుటుంబాలతో వెళ్తున్నారు, ప్యాకేజీలో డైవింగ్ కూడా ఉంటోంది. వెళ్లేవాళ్లు నన్ను అడిగేది సొరచేపల గురించి. నేను చెప్పేది మొహమాటం గురించి.

పెళ్లి పంక్తిలో వద్దంటే వడ్డించేవాళ్లు నొచ్చుకుంటారని మరో బూరె తింటాం. దానివల్ల కడుపు బరువెక్కుతుంది, అంతే. నీళ్ల కింద ఆ అలవాటుకు చోటు లేదు. అది నాకు మొదట తెలిసింది నా చెవి ద్వారానే.

నేర్చుకుంటున్న మూడో రోజు నాకు జలుబు. ముక్కులో చుక్కలు వేసుకుని దిగాను. దిగేటప్పుడు ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడిని సరిచేసుకుంటూ పోవాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, ప్రతి మీటరుకూ. జలుబు ఉంటే ఆ దారి వాచి మూసుకుపోతుంది. తొమ్మిది మీటర్ల దగ్గర ఎడమ చెవిలో మేకు దిగినట్టయింది. ముందు నలుగురు కుర్రాళ్లు ఈదుతున్నారు. మా అబ్బాయి వయసువాళ్లు. ఆంటీ వల్ల డైవ్ ఆగిపోయిందనుకుంటారని పళ్లు బిగించి ఇంకో రెండు మీటర్లు దిగాను. చెవిలో టప్‌మని వినిపించింది. నొప్పి ఒక్కసారిగా పోయింది. మరుక్షణం సముద్రం మొత్తం గిర్రున తిరిగింది. కర్ణభేరి చిరిగి లోపలికి చల్లనీళ్లు పోయాయి. పైన ఏదో కింద ఏదో తెలియలేదు. శిక్షకురాలు నా భుజం పట్టుకోకపోతే ఏమయ్యేదో నేను ఊహించను. రెండు నెలలకు చెవి మానింది. ఇప్పుడు జలుబుంటే ఒడ్డునే కూర్చుంటాను. చుక్కల మందు పని నీళ్లలో ఉండగానే అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే దారి మూసుకుంటుంది. దిగేటప్పుడు చెవి పట్టేస్తే దిగడం మానొచ్చు, పైకి రావడం మానలేం.

నా గురించి నోరు విప్పడం అలా నేర్చుకున్నాను. పక్కవాళ్ల గురించి నోరు విప్పడం నేర్చుకోలేదని తులాంబెన్‌లో తెలిసింది.

డైవింగ్‌లో బొటనవేలు పైకెత్తితే బాగుందని అర్థం కాదు, పైకి పోదాం అని అర్థం. మనవాళ్లకు ఇది చాలా కష్టం. గైడు చూడగానే నవ్వుతూ బొటనవేలు ఎత్తేస్తారు. బాగున్నామని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఏదైనా తేడాగా ఉంటే అరచెయ్యి చాచి అటూ ఇటూ ఆడించి, తేడా ఎక్కడో అక్కడ చూపించాలి. ఇవన్నీ మొదటి రోజే నేర్పుతారు. వీటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా డైవ్ ఆపెయ్యవచ్చు. ఎవరూ ఎందుకని నిలదీయకూడదు. డబ్బు కట్టేశాం కదా, అంతదూరం వచ్చాం కదా, బావగారి ముందు పరువేం కావాలి అన్న లెక్కలన్నీ ఒక్క వేలు ఎత్తగానే ఆగిపోవాలి. ఇంత మర్యాదైన నియమం నేను మరే ఆటలోనూ చూడలేదు.

అమెరికాలోని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, డాన్ అని పిలుస్తారు, 1992 నుంచి 2003 దాకా డైవింగ్‌లో జరిగిన 947 మరణాలను వరుసబెట్టి పరిశీలించింది. ఏ సంగతితో కథ అడ్డం తిరిగిందో తెలిసినవాటిలో 41 శాతం గాలి చాలకపోవడం. పరికరం చెడిపోవడం 15 శాతమే. సిలిండరుకు మీటరు ఉంటుంది, అది చేతికందేంత దూరంలోనే వేలాడుతుంది. చూసి, తగ్గిందని పక్కవాళ్లకు చెప్పడమే పని. ఆ చెప్పడం దగ్గరే చాలామంది ఆగిపోతారని నా అనుమానం. కొత్తవాళ్లు కంగారులో గాలి తొందరగా తాగేస్తారు, అందరికంటే ముందు తమదే అయిపోయిందని చెప్పడానికి సిగ్గుపడతారు. నేనూ సిగ్గుపడ్డాను.

క్లాసులో సూది లేని సిరంజి తెచ్చి, దాని ముక్కు వేలితో మూసి, పిడిని నొక్కి చూపిస్తాను. ఒత్తిడి రెట్టింపైతే గాలి సగానికి కుదించుకుపోతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన ఊపిరి, బిగబట్టి పైకొస్తే, రెట్టింపు చోటు అడుగుతుంది. ఛాతీలో అంత చోటు లేదు. మీటరూ మీటరున్నర లోతునుంచి ఊపిరి బిగబట్టి లేచినా ఊపిరితిత్తి చిరిగే ప్రమాదం ఉంది. భయపడ్డ మనిషి మొదట చేసే పని ఊపిరి బిగబట్టడమే. అందుకే మొదటి పాఠం ఊపిరి ఆపకు అన్నదే.

బాయిల్ సూత్రం చెప్పిన రాబర్ట్ బాయిలే 1670లో మరో సంగతి రాశాడు. ఒక పామును గాజు పాత్రలో పెట్టి గాలి తోడేస్తే, దాని కంటిలో ఒక బుడగ అటూ ఇటూ కదలడం చూశాడట. ఈ వాక్యం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. లోతులో మనం పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోకీ కండలోకీ కరుగుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరిద్వారా బయటికి పోతుంది. తొందరపడితే గోలీసోడా కొట్టినట్టు ఒంట్లోనే బుడగలు కడుతుంది. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా లేవమనీ, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమనీ చెప్పేది అందుకే.

ఈ బుడగలు ఒడ్డెక్కాక కూడా వెంటాడుతాయి. మన ప్యాకేజీలు ఘోరంగా తప్పు చేస్తున్నది ఇక్కడే. మా టూరులో గురువారం రెండు డైవ్‌లు. రెండోది మధ్యాహ్నం మూడింటికి ముగిసింది. అదే రాత్రి ఒంటిగంటకు బస్సెక్కి, బాతూర్ కొండ పాదం దగ్గర దిగి, రెండు గంటలనుంచి నడక, శిఖరం మీద సూర్యోదయం. బాతూర్ ఎత్తు 1,717 మీటర్లు. విమానంలో ఎక్కినప్పుడు క్యాబిన్‌లో ఉండే ఒత్తిడి దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది. అంటే నీళ్లలోనుంచి తేలిన పది, పదకొండు గంటల్లో విమానం ఎక్కించడానికీ ఈ కొండ ఎక్కించడానికీ పెద్ద తేడా లేదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకే రోజు పలుమార్లు గానీ రోజుల తరబడి గానీ దిగితే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలని డాన్ చెబుతుంది. నేను 24 పాటిస్తాను. విమానం గురించి కొందరైనా ఆలోచిస్తారు. కొండ గురించి, ఘాట్ రోడ్డు గురించి ఎవరూ ఆలోచించరు. తులాంబెన్ నుంచి ఉబుద్ ఊరికి కొండల్లోని కింతామణి మీదుగా వచ్చే దారి కూడా చాలా ఎత్తుకు ఎక్కి దిగుతుంది. తీరం వెంబడి వస్తే కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

కొండ ఎక్కొద్దని ఈసారి నోరు విప్పాను. మేనేజరు, "అందరూ చేస్తున్నదే మేడం, ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. నేనూ ఇంకో ఇద్దరు అక్కచెల్లెళ్లూ ఆగిపోయాం. మిగిలినవాళ్లు వెళ్లొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. నిజమే. కానీ ఏమీ కాకపోవడం ఆ ప్రయాణ పట్టిక సరైనదేననడానికి రుజువుగా మారిపోయింది. ఆ పట్టికతోనే మరుసటి నెల బృందం కూడా వెళ్లి ఉంటుంది. సైన్సు చెప్పేదాన్ని కాబట్టి ఈ మాట నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. తాగి బండి నడిపి ఇంటికి క్షేమంగా చేరిన రాత్రి కూడా రుజువు కాదు.

ఒకవేళ అయితే? భుజమో మోకాలో సలపడం, చేతివేళ్లు తిమ్మిరెక్కడం, ఒంటి మీద మచ్చలు, కళ్లు తిరగడం, చెప్పలేనంత నీరసం. చాలావరకు తొలి 24 గంటల్లో బయటపడతాయి. మనం ఏం చేస్తాం? సిలిండరు మోసిన నొప్పేలే అని అమృతాంజనం రాసుకుని పడుకుంటాం. పొద్దున్నే విమానం ఎక్కుతాం. డైవింగ్ తర్వాత వచ్చిన ఏ వింత నొప్పినీ వేరే కారణం తేలేవరకూ బుడగల నొప్పిగానే చూడాలి. పడుకోబెట్టి నూరు శాతం ఆక్సిజన్ పెట్టాలి, ఒత్తిడి గది ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బాలిలో అది దేన్‌పసార్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఉంది. ఆ గదిలో మనిషిని మళ్లీ 18 మీటర్ల లోతున ఉన్నంత ఒత్తిడికి తీసుకెళ్లి, ఆక్సిజన్ ఇస్తూ, మెల్లగా వెనక్కి తెస్తారు. మామూలుగా ఒక్కో విడత దాదాపు అయిదు గంటలు.

అందువల్ల పడవ ఎక్కేముందు నేను రెండే అడుగుతాను. మీ ఆక్సిజన్ సీసా చూపిస్తారా, దగ్గరి ఒత్తిడి గది ఎక్కడ. ఇలా అడిగితే వాళ్లను నమ్మనట్టు అవుతుందని మొదట్లో అనిపించేది. తులాంబెన్ గైడు మాత్రం సంతోషంగా పెట్టె తెరిచి, మాస్కు తీసి, మీటరు నాకు చూపించాడు. పని తెలిసినవాడు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. నొచ్చుకున్నవాడితో దిగక్కర్లేదు. సిలిండరు గాలిని ముందే ఒకసారి పీల్చి చూడడం కూడా అంతే. పొగ వాసనో నూనె రుచో తగిలితే ఆ సిలిండరు వెనక్కి ఇచ్చెయ్యాలి. సిలిండర్లలో గాలి నింపే కంప్రెసరు పక్కనే జనరేటరు పొగ వస్తుంటే ఆ విషం సిలిండరులోకి కూడా పోతుంది. లోతులో దాని ప్రభావం ఇంకా హెచ్చుతుంది.

పడవ మీదే రోజుల తరబడి ఉండి డైవింగ్ చేసే యాత్రలకు వెళ్లేవాళ్లు మరొకటి అడగాలి. 2019 సెప్టెంబరు 2న తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే పడవ తగలబడి 34 మంది చనిపోయారు. అందరూ కింది అరలో నిద్రపోతున్నారు. రాత్రంతా తిరుగుతూ కనిపెట్టి ఉండాల్సిన కాపలా మనిషిని పెట్టలేదని విచారణలో తేలింది. డైవింగ్ వాళ్ల ప్రాణాలు తీసింది నీళ్లు కాదు. మొదటి రోజే కెప్టెన్ దగ్గరికి వెళ్లి, రాత్రి మెలకువగా ఉండేదెవరు, కింది అరనుంచి రెండో దారి ఎటు అని అడిగి, ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి.

బీమా సంగతి. విజయవాడ పెద్దమనిషి ప్రయాణ బీమా తీసుకున్నారు. ఆ పాలసీలో సాహస క్రీడలకు వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. బిల్లు ఆయన అల్లుడు కార్డు మీద గీకాడు. కొనేటప్పుడే స్కూబా డైవింగ్ అన్న మాట పాలసీలో ఉందా, ఎన్ని మీటర్ల వరకు, ఒత్తిడి గది ఖర్చు వస్తుందా అని రాతపూర్వకంగా అడగాలి. డైవర్ల కోసం విడిగా బీమా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అది పెద్ద ఖర్చేం కాదు.

చిన్న సంగతులు కొన్ని త్వరగా చెప్పేస్తాను. ఊరు మారగానే కడుపు పాడైతే ఆ రోజు దిగొద్దు, ఒంట్లో నీరు తగ్గితే బుడగల ముప్పు పెరుగుతుందంటారు. రాత్రి మందు తాగి పొద్దున దిగడం కూడా అలాంటిదే. పడవ వికారానికి మాత్ర వేసుకునేవాళ్లు ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని మత్తు ఎంత వస్తుందో చూసుకోవాలి. గర్భిణులు దిగనే కూడదు. డైవ్ అయ్యాక చెవులు మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి, దూదిపుల్ల పెట్టొద్దు. తులాంబెన్‌లో మునిగిన ఓడ ఇనుప రేకులకు అంటుకుని రాయిలాగే కనిపించే చేపలుంటాయి. వాటి ముల్లు గుచ్చుకుంటే ప్రాణం లాగేసినంత నొప్పి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చెయ్యి పెట్టి ఉంచి ఆస్పత్రికి వెళ్లాలి. అసలు దేన్నీ ముట్టుకోకుండా ఉంటే సరిపోతుంది.

అక్కడ నీళ్ల కింద ఉన్నది లిబర్టీ అనే అమెరికన్ సరుకు ఓడ. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి దెబ్బకు గాయపడి ఒడ్డుకు చేరింది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఒడ్డునుంచి జారి సముద్రంలోకి వెళ్లింది. ఇప్పుడు దాని నిండా పగడాలు. దాదాపు 120 మీటర్ల ఆ ఓడ పక్కన నేను తేలుతున్నప్పుడు, ఈ అందం మన పిల్లలందరూ చూడాలనిపించింది. చూడాలనే నేను అడుగుతున్నాను.

టూరు నడిపేవాళ్లను అడుగుతున్నాను. ఆ ఆరోగ్య పత్రం అక్కడి తడి బల్ల మీద పొద్దున ఏడున్నరకు ఇవ్వకండి. అడ్వాన్సు తీసుకున్న రోజే, హైదరాబాద్‌లోనో విశాఖలోనో విజయవాడలోనో, తెలుగులో ఇవ్వండి. ఒక్క ప్రశ్నకు అవును అని వస్తే డాక్టరును కలిసే వ్యవధి ఉంటుంది. డాక్టరు వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తామని రసీదు మీద రాయండి. డబ్బు పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ నిజం రాయరు. డైవింగ్‌ను యాత్ర మొదట్లో పెట్టండి, చివరి రోజు ఉబుద్ వీధుల్లో తిరగనివ్వండి. కొండ ఎక్కేది డైవింగ్‌కు ముందు పెట్టండి. ఇందులో మీకు పైసా నష్టం లేదు, రోజులు అటూ ఇటూ మార్చడమే.

వచ్చే డిసెంబరులో మా ఇంటివాళ్లు ఏడుగురం మాల్దీవులకు వెళ్తున్నాం.  ఆ ఆరోగ్య పత్రాన్ని నేనే తెలుగులో రాసి, పోయిన ఆదివారం అందరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి పంచాను. మా వారు గబగబా టిక్కులు పెట్టేశారు, మళ్లీ చదివించాను. మా చిన్న ఆడపడుచు మాత్రం ఊపిరితిత్తుల ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. "వదినా, చిన్నప్పుడు నాకు చలికాలంలో పిల్లికూతలు వచ్చేవి. ఇప్పుడు లేవనుకో. ఇది రాయాలా?" అని అడిగింది. రాయాలన్నాను. పెన్ను ఇచ్చాను. అవును అని రాసింది. మంగళవారం ఛాతీ డాక్టరు దగ్గర ఊపిరి పరీక్షకు వెళ్తున్నాం, నేనూ తోడు వెళ్తున్నాను.